హామీ సంతకం

“సంతకం నాదే, కాదనను. కానీ ఈ ఉత్తరం నా గుమ్మంలో పడేదాకా నాకో మాట చెప్పాలని ఈ ఇంట్లో ఒక్కరికీ తోచలేదా?”

అత్తయ్య ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. ఎండన పడి బస్‌స్టాపు నుంచి నడిచి రావడంతో మొహం కందిపోయింది. చేతిసంచిలోంచి తీసి బల్లమీద పడేసిన కవరు అక్కడే ఉంది. దాని మీద విమానాల కంపెనీ ముద్ర నీలంగా కనిపిస్తోంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అమ్మ బల్లకి అటు చివర కూర్చుని తన క్లాసు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. ఎర్రసిరా పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

“మాకూ తెలీదు వదినా. పిల్ల సెలవు మీద వచ్చానంది. తొమ్మిది రోజులైంది. ఎన్నాళ్ళ సెలవే అంటే, చూద్దాంలే అంది.”

“బళ్ళో నలభై మంది పిల్లల అబద్ధాలు ఇట్టే పట్టేస్తావు. ఇంట్లో ఉన్న ఒక్కదాని అబద్ధం పట్టుకోలేకపోయావా?”

“ఆ నలభై మందినీ నేను కనలేదు వదినా.”

కిటికీ పక్కన కూర్చున్న నాన్న కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది. చివరికి లేచి కవరు అందుకుని, ఉత్తరం పైకి చదివాడు. వాతావరణ కార్యాలయంలో పాతికేళ్ళపాటు రోజూ ఫోనులో గాలివేగం, ఎండ, మబ్బు చదివి వినిపించిన గొంతు అది. పిడుగు పడిందని చెప్పినా, పొగమంచు తగ్గిందని చెప్పినా ఒకేలా ఉంటుంది.

కంపెనీ ఖర్చుతో శిక్షణ పొంది, అందుకు బదులుగా అయిదేళ్ళు పనిచేస్తానని బాండు రాసిచ్చిన కో-పైలట్ రెండేళ్ళ ఎనిమిది నెలలకే రాజీనామా ఇచ్చారు. నోటీసు గడువు ముగిసేలోగా దాన్ని వెనక్కి తీసుకోకపోతే శిక్షణకైన ఖర్చు హామీదారైన మీ నుంచి, అవసరమైతే మీ ఇంటి నుంచి రాబట్టుకుంటాం. ఇదీ సారాంశం.

నాన్న కాగితం మడిచి, మళ్ళీ కవరులో పెట్టి, కవరుని బల్ల అంచుకి సమానంగా సర్దాడు.

తూనీగ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నప్పుడు సన్నటి కాళ్ళతో, చేతులు బారజాపుకుని మేడమీద ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తేది. అది చూసి అత్తయ్యే ఆ పేరు పెట్టింది. ఇరవయ్యారేళ్ళొచ్చినా ఇంట్లో ఆ పేరే. ఆమె పైలట్ అయిన రోజున వీధిలోవాళ్ళంతా, సిస్టరమ్మ అప్పుడే జాతకం చెప్పేసిందని మురిసిపోయారు. రిటైరయ్యేనాటికి అత్తయ్య హెడ్ నర్సు. వీధికి ఇప్పటికీ సిస్టరమ్మే.

“ఎందుకు మానేశావే?” అంది అత్తయ్య.

“నాకిష్టం లేదు.”

“ఇష్టం లేదని వదిలెయ్యడానికి అదేమన్నా కాలు కరిచే చెప్పులా?”



“ఇంకో కంపెనీవాళ్ళు పిలిచారా?” అంది అమ్మ.

“లేదు.”

“పోనీ, పెళ్ళి సంగతా? ఎవరైనా ఉంటే చెప్పు. మేమేం అనం.”

“లేదమ్మా.”

“మరేంటే?”

 అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

“హామీ పెట్టేవాళ్ళకి సొంత ఇల్లుండాలన్నారు. మన వంశంలో సొంత ఇల్లున్నది నాకొక్కదానికే. ఆ రెండు గదులూ నర్సు జీతంతో కట్టుకున్నాను. తండ్రేమో గాలి సంగతి చెప్పేవాడు, కూతురు గాల్లో తిరిగేది. కిందా మీదా చూసి, నేలమీదున్న నా కొంప పట్టుకుపోయారు.”

అమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుంది. నాన్న నవ్వలేదు. పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ కూతురి వైపు చూడలేదు. తూనీగకి అత్తయ్య కేకలకన్నా అదే ఎక్కువ తగిలింది.

తూనీగ చిన్నప్పుడు ఆయన ఆమెకి చెప్పకుండా ఇల్లు కదిలేవాడు కాదు. తెల్లవారుతూనే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని విమానాశ్రయం పక్కనున్న ఆఫీసుకి తీసుకెళ్ళేవాడు. ఆ షెడ్డులో రబ్బరు వాసన. సిలిండరు నుంచి గ్యాసు బుస్సుమంటూ ఎక్కుతుంటే ముడతలు పడిన బెలూన్ మెల్లగా లేచి, ఆమెకన్నా పెద్దదయ్యేది. దాని మెడ పట్టుకోవడం తూనీగ పని. నాన్న సరేననగానే వదిలేది. ఆయన మూడుకాళ్ళ స్టాండు మీది దుర్భిణీకి కన్ను ఆనించి, నిమిషానికోసారి అంకెలు చెప్పేవాడు. తూనీగ అట్ట మీద పెట్టిన కాగితంలో వాటిని వంకరటింకరగా రాసేది. ఆ అంకెల్ని బట్టి పైన గాలి ఎటు వీస్తోందో తేలేది. ఆ కాగితం చూసుకునే విమానాలు దిగేవి.

“అదెక్కడికి పోతుంది నాన్నా?”

“కనిపిస్తున్నంతసేపూ మనది. తర్వాత దానిష్టం.”

బళ్ళో తన అంకెలు చూసే విమానాలు దిగుతున్నాయని ఆమె గొప్పగా చెప్పుకునేది. ఎవరూ నమ్మేవారు కాదు. నాన్న నమ్మేవాడు.

*

అత్తయ్య వెనక వరండాలో నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంది. తువ్వాలు అందించిన తూనీగ మణికట్టు పట్టుకుంది. అదేం ప్రేమ కాదు, అలవాటు. వేళ్ళు నాడి మీదికి వాటంతటవే పోయాయి.

“పరుగెత్తుతోంది,” అంది. “కూర్చో.”

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. తాడు మీద ఆరేసిన బట్టల్లో తూనీగ యూనిఫాం చొక్కా ఒకటుంది. అమ్మ ఉతికి ఆరేసింది, సెలవైపోయాక కావాలి కదా అని.

“నేనూ బాండు చేశానే,” అంది అత్తయ్య. “నీకు చెప్పలేదెప్పుడూ. మాకు నర్సింగు ఊరికే నేర్పారు. దానికి బదులు నాలుగేళ్ళు ఆ ఆసుపత్రిలోనే చెయ్యాలి. ఈలోపు పెళ్ళి చేసుకోకూడదు. అక్కడ ఎక్స్‌రే తీసే అతనుండేవాడు. మొదటి ఏడాది ప్రతి ఆదివారం హాస్టల్ గేటు దాకా వచ్చేవాడు. వార్డెన్ చూస్తుందని గేటుకి అటు తను, ఇటు నేను. ఊచల మధ్యనుంచి వేయించిన పల్లీలు ఇచ్చేవాడు. కాగితం పొట్లం ఇంకా వెచ్చగా ఉండేది.”

ఆమె గొంతులో కోపం పోయింది. కళ్ళు ఎదుటి గోడ మీదున్నా చూపు ఇంకెక్కడో ఉంది.

“తర్వాత?”

“తర్వాత నెలకోసారి వచ్చాడు. ఆ తర్వాత ఉత్తరాలు. నాలుగో ఏట పెళ్ళి కార్డు పంపాడు. మంచివాడే. ఎంతకాలమని ఊచలు పట్టుకుని నిలబడతాడు? నేను మాత్రం ఒక్కరోజు నాగా పెట్టకుండా నాలుగేళ్ళూ పూర్తిచేశాను. సూపరింటెండెంటు ఆ బాండు కాగితం నా చేతికిచ్చి, ఇక నువ్వు స్వేచ్ఛగా పోవచ్చమ్మా అన్నాడు. గేటు బయట నిలబడి ఎటు పోవాలో తెలీక మళ్ళీ లోపలికే వెళ్ళి, అక్కడే ముప్ఫై ఏళ్ళు చేశాను.”

అత్తయ్య పాదాలు తుడుచుకుని తువ్వాలు తూనీగ ఒళ్ళో పడేసింది.

“అందుకని నువ్వు బాండు తెంపావంటే నాకు ముందొచ్చింది కోపం కాదు. ఏదో కుళ్ళు. అది నా గొడవ. నీ గొడవ చెప్పు. అక్కడ ఎవడన్నా చెయ్యి వేశాడా?”

“లేదత్తయ్యా. అలాంటిది కాదు.”

“మరి?”

తూనీగ తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది.

“నిద్రపోయాం.”

“ఎవరు?”

“నేనూ, కెప్టెనూ. ఇద్దరం. విమానంలో.”

అత్తయ్య, రోగి చెప్పుకుంటున్నప్పుడు నర్సులు ఊరుకున్నట్టు ఊరుకుంది.

“ఆ రోజు నాలుగో ట్రిప్పు. మధ్యాహ్నం మూడవుతోంది. ఆ వారంలో మాకు సెలవే లేదు. ఎండ నా వైపు అద్దంలోంచి తిన్నగా ఒళ్ళో పడుతోంది. విమానం దానంతటదే నడిచేట్టు పెట్టి ఉంది. కళ్ళు తెరిచేసరికి రేడియోలో కింద కంట్రోల్ టవరావిడ మా నంబరు పిలుస్తోంది. ఎన్నోసారో తెలీదు. ఆవిడ గొంతు ఏడుపులా ఉంది. పక్కన కెప్టెన్ గడ్డం గుండెల మీదికి వాలిపోయి ఉంది. దిగడం మొదలుపెట్టాల్సిన చోటు దాటి పన్నెండు మైళ్ళు వచ్చేశాం. వెనక ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు.”

“దిగారుగా?”

“దిగాం. చక్కగానే దిగాం. ఒక పెద్దాయన మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, ఎంత మెత్తగా నడిపారమ్మా, హాయిగా నిద్రపట్టేసింది అన్నాడు.”

అత్తయ్య పెదవి బిగించింది. నవ్వో, మరేదో.

“సాయంత్రం ఆఫీసువాళ్ళు, రేడియో సరిగ్గా వినిపించక జవాబివ్వలేదని ఒక రిపోర్టు రాసి తెచ్చారు. నిజం రాస్తే ఇంతింత పని ఎందుకు వేశారని ప్రభుత్వంవాళ్ళు కంపెనీని అడుగుతారు కదా. కెప్టెన్ సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. ఆ తర్వాత మూడు వారాలు పనిచేశాను. జనం ఎక్కుతున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడలేకపోయేదాన్ని. తలుపు మూసేశాకే తల తిప్పేదాన్ని.”

“నేనూ వార్డులో కునికాను,” అంది అత్తయ్య. “లేచి మంచాలన్నిటి దగ్గరికీ వెళ్ళి ఊపిరి చూసుకున్నాను. అందరూ బాగానే ఉన్నారు. అబద్ధం రాయలేదు. కానీ నన్నెవరూ రాయమనలేదు కదా. అడిగుంటే ఏం చేసేదాన్నో.”

ఆమె లేచి, తూనీగ భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

“వెళ్ళి మీ నాన్నకి చెప్పు. వాడు అటు తిరిగిపోయాడంటే కోపంతో కాదు. అంతకన్నా పెద్దదేదో ఉంటుంది. నేను పెంచాను వాణ్ణి, నాకు తెలుసు.”

*

నాన్న ఎక్కడుంటాడో తూనీగకి తెలుసు. పది నిమిషాల నడక. విమానాశ్రయం కంచె వెంబడి ముళ్ళపొదలు పెరిగిపోయాయి. పాత వాతావరణ కార్యాలయానికి తాళం వేసి ఉంది. ఇప్పుడు ఆ పనంతా కంచె అవతల నిలబెట్టిన ఒక ఇనుప స్తంభం చూసుకుంటోంది. దాని తలమీద మూడు చిన్న గిన్నెలు గిర్రున తిరుగుతున్నాయి.

షెడ్డు మెట్టు మీద నాన్న కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి పక్కకి జరిగాడు. ఆ మెట్టు వాళ్ళిద్దరికీ ఒకప్పుడు చాలా పెద్దది. ఇప్పుడు భుజాలు తగులుతున్నాయి.

అత్తయ్యకి చెప్పినట్టే ఆయనకీ చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

“ఉత్తరం చదువుతున్నప్పుడే అనుకున్నాను, నువ్వు చెయ్యకూడనిదేదో చేసి ఉంటావని,” అన్నాడు. “ఎందుకంటే నువ్వు నాలాగా ఉంటావు. తప్పు చేస్తే మాట తగ్గుతుంది.”

“నువ్వేం తప్పు చేశావు?”

నాన్న షెడ్డు తలుపు వైపు చూశాడు. పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు మీద, తూనీగ చిన్నప్పుడు సుద్దతో గీసిన బొమ్మల జాడ కూడా లేదు.

“నీకు ఏడేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. గుర్తుందా?”

“నువ్వు పక్కనే కూర్చుని తడిగుడ్డ వేశావు. కళ్ళు తెరిచినప్పుడల్లా ఉన్నావు. అది బాగా గుర్తుంది.”

“పొద్దున కూడా ఉన్నాను కదా.”

తూనీగకి వెంటనే అర్థం కాలేదు.

“ఆ పొద్దున బెలూన్ ఎగరెయ్యలేదు నేను. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి, ముందురోజు కాగితంలోని అంకెలు ఎక్కించి ఫోనులో చదివేశాను. నువ్వు రాసిన అంకెలే. ఒక్కరోజులో ఏం మారుతుందిలే అనుకున్నాను. మారింది. ఒక చిన్న విమానం దిగుతూ పక్కకి ఈడ్చుకుపోయింది. చక్రం విరిగింది. పైలట్ చెయ్యి విరిగింది. కుర్రవాడు. మళ్ళీ ఎగరలేదు.”

కంచె అవతల ఒక విమానం రన్‌వే చివరికి నెమ్మదిగా వెళ్తోంది. అది తిరిగి, ఆగి, లేచి వెళ్ళేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

“విచారణ జరిగింది. గాలి సమాచారం సక్రమంగానే అందింది, తప్పు పైలట్‌దే అని రాశారు. ఆ ముక్క నేను చదివాను. మీ అమ్మకి కూడా చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళయింది. నువ్వు పైలట్ అవుతానన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు తూనీగా. ఈ రన్‌వే నన్ను వదల్దని అనిపించింది.”

ఆమెకి ఆ రోజు గుర్తొచ్చింది. తడిగుడ్డ చల్లదనం, నుదుటి మీద ఆయన అరచెయ్యి. తన చిన్నతనంలోకెల్లా తీపిగా దాచుకున్న రోజు అది. దానికి ఇంకో వైపు ఉందని ఇప్పుడే తెలిసింది.

“నీకు నోటీసు ఇంకా ఎన్ని రోజులుంది?” అన్నాడు నాన్న.

“పదకొండు.”

“అయితే ఉద్యోగంలో ఉండగానే నిజం రాసివ్వు. బయటికొచ్చాక చెప్తే, బాండు ఎగ్గొట్టిన పిల్ల కక్షకొద్దీ చెప్పిందంటారు. ఎవరూ వినరు.”

“రాస్తే నన్నే తీసేస్తారు. కెప్టెన్ ఉద్యోగం కూడా పోతుంది. అత్తయ్య ఇల్లు ఏమవుతుంది?”

నాన్న లేచి, చొక్కా దులుపుకుని, ఆమెకి చెయ్యి అందించాడు.

*

గుమ్మం బయట కొత్త బూట్ల జత ఉంది. నల్లగా, మొహం కనిపించేంత నున్నగా మెరుస్తున్నాయి. ఆ బూట్లు చూడగానే తూనీగ అడుగు ఆగిపోయింది.

ముందుగదిలో కెప్టెన్ కూర్చుని ఉన్నారు. మామూలు బట్టల్లో చిన్నగా కనిపించారు. అత్తయ్య టీ ఇచ్చింది. అమ్మ నోటుపుస్తకాలు పక్కకి సర్ది, కొత్తవాళ్ళ ముందు కూర్చున్నట్టు ఒద్దిగ్గా కూర్చుంది.

మొట్టమొదటిసారి ప్రయాణికులతో విమానం దింపబోతూ తూనీగ తడబడినప్పుడు, ఈయనే పక్కనుంచి, నేల నిన్నేం చెయ్యదమ్మా, నువ్వు దాన్ని కొట్టకు చాలు అన్నారు. తన టిఫిను డబ్బాలో ఎప్పుడూ సగం ఆమెకి మిగిల్చేవారు. మేఘాల పేర్లు అడిగితే ఆమె చెప్పడం చూసి, మీ నాన్నని ఓసారి కలవాలి అంటుండేవారు. కలవడం ఇలా జరుగుతుందని ఇద్దరూ అనుకోలేదు.

“మీరేనా గాలి చూసేవారు?” అంటూ లేచి నాన్నకి చెయ్యిచ్చారు. “అమ్మాయి చెప్పేది.”

“కూర్చోండి,” అన్నాడు నాన్న.

కెప్టెన్ కూర్చోలేదు. తూనీగ వైపు తిరిగారు.

“నీ రాజీనామా సంగతి నిన్న తెలిసింది. ఎందుకిచ్చావో నాకు వేరే చెప్పక్కర్లేదు. నెల రోజులుగా నాకూ కంటిమీద కునుకు లేదు. రాకూడనిచోట మాత్రం వచ్చింది.” నవ్వబోయి మానేశారు. “ఇవాళ పొద్దున ఆఫీసుకెళ్ళి రాసిచ్చేశాను. రేడియో బాగానే ఉందని, నిద్రపోయింది నేనేనని రాశాను. నీకు ఒక్క మాటైనా చెప్పకుండా నిద్రపోయానని, నువ్వే నన్ను లేపావని. నీ మీదికేం రాదు. రాజీనామా వెనక్కి తీసుకో. ఈవిడ ఇంటికీ ఏమీ కాదు.”

అత్తయ్య ఖాళీ కప్పు తీసి పళ్ళెంలో పెట్టుకుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

“దేవుడిలా వచ్చారండీ,” అంది.

తూనీగ ఒక అడుగు ముందుకి వేసింది.

“కానీ మీరు నాకు చెప్పారు కదా.”

“వద్దమ్మా,” అన్నారు కెప్టెన్ మెల్లగా.

“కళ్ళు మండుతున్నాయి, ఓ పది నిమిషాలు మూసుకుంటాను, నువ్వు చూస్తుండు అన్నారు. నేను సరేనన్నాను.”

అత్తయ్యకి చెప్పినప్పుడూ, మెట్టు మీద నాన్నకి చెప్పినప్పుడూ ఆమె మింగేసిన ముక్క అదే. మేలుకుని ఉండాల్సింది తను. ఆ పది నిమిషాలూ విమానం తన చేతిలో ఉంది.

“ఆ మాట మనిద్దరికే తెలుసు,” అన్నారు కెప్టెన్. “నాకు రిటైరవడానికి ఇంక ఆర్నెల్లే. నీ ముందు ముప్ఫై ఏళ్ళున్నాయి. ఆ కాగితం అలాగే ఉండనియ్యి. నేను బాగా ఆలోచించే రాశాను.”

“అందులో ఉన్నదీ నిజం కాదుగా.”

“ఎవరికీ నష్టం లేదు కదమ్మా.”

ఆ మాటకి నాన్న తల పైకెత్తాడు. బల్లమీది కవరు పక్కన అమ్మ పెన్ను ఉంది. దాన్ని కూతురికి అందివ్వబోయినట్టు చెయ్యి చాపాడు. అంతలో తన అక్కయ్య మొహం కనపడింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అత్తయ్య తమ్ముడి చేతినీ, మేనకోడలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత టీ పళ్ళెం కింద పెట్టి, బల్ల దగ్గరికి నడిచి, ఆ పెన్ను తనే తీసుకుంది.

“ఇది ఎర్రసిరా,” అంది. “పిల్ల రాసివ్వడానికి నల్లది లేదా ఈ ఇంట్లో?”

 అమ్మ అందరి మొహాల్లోకీ చూసింది.

“ఏం రాస్తుంది వదినా? అంతా అయిపోయింది కదా,” అంది.